బండి ప్రశ్నలు – జవాబులు: ఎనభై దాటితే వణుకు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. బండి ఊళ్లో బాగానే ఉంటుంది, హైవే ఎక్కి ఎనభై దాటించగానే వణుకు మొదలు. ఇందులో రోడ్ల పాత్ర కూడా ఉంది. కాలవ గట్ల మీద నలభై, యాభైలో తిరిగినన్నాళ్లు దాగి ఉన్న లోపం 16వ నంబరు హైవే మీదో, కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం మీదుగా వెళ్లే 216 మీదో స్పీడందుకోగానే బయటపడుతుంది. తిరిగే వస్తువులో ఒక పక్క బరువు ఎక్కువైతే, వేగం రెట్టింపైనప్పుడు అది లాగే బలం నాలుగింతలవుతుంది. అందుకే నలభైలో తెలియనిది ఎనభైలో తెలుస్తుంది. ఉత్తరాలన్నీ కుదించి వేస్తున్నాం.

ప్రశ్న: మాది 2009 బొలెరో. రావులపాలెం నుంచి రాజమండ్రి వెళ్లేటప్పుడు 75 దాటగానే కాళ్ల కింద ఫ్లోరు, సీటు గుమ్మని మోగుతూ అదురుతాయి. స్టీరింగ్ మాత్రం నిలకడగానే ఉంటుంది. చక్రాలు రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, ఫలితం లేదు. మూడు నెలల క్రితం క్లచ్ మార్చారు. అరటి గెలలు వేస్తామని అంతకుముందే వెనక కమాన్ కట్టలకి చెరో పట్టీ అదనంగా వేయించాం. మెకానిక్ గారు డిఫరెన్షియల్ విప్పాలంటున్నారు. విప్పించమంటారా?
– రావులపాలెం పాఠకుడు

జవాబు: వద్దండి, డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల డబ్బా) జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీ ఉత్తరంలోనే రెండు ఆనవాళ్లున్నాయి. ఒకటి క్లచ్ పని, రెండోది అదనపు పట్టీ. రెండూ ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపే, అంటే గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా వెళ్లి తిరిగే పొడవాటి గొట్టం వైపే చూపిస్తున్నాయి.

ముందు కొంచెం లెక్క చూద్దాం. మీ టైరు 215/75 ఆర్15 అయితే దాని చుట్టుకొలత దాదాపు 2.2 మీటర్లు. గంటకి 80 అంటే సెకనుకి 22 మీటర్లు, అంటే చక్రం సెకనుకి పది చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ రేషియో (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ తిరిగే చుట్లు) సుమారు నాలుగు అనుకుంటే షాఫ్ట్ నలభై చుట్లు తిరుగుతుంది. సెకనుకి పదిసార్లు వచ్చే అదురు కంటికి కనబడుతుంది, సీటు ఊగుతుంది, సీసాలో నీళ్లు కదులుతాయి. నలభైసార్లు వచ్చేది ఊపులా ఉండదు, రైస్ మిల్లు పక్క గదిలో కూర్చున్నట్టు గుమ్మని మోగుతుంది. మీరు రాసింది ఈ రెండో రకం. చక్రాలు ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేసినా అది పోదు.

మీ బండి రేషియో కచ్చితంగా తెలుసుకోవాలంటే ముందు చక్రాలకీ, నేల మీదుండే వెనక చక్రానికీ రెండువైపులా దిమ్మలు అడ్డం పెట్టి, రెండో వెనక చక్రాన్ని జాకీతో లేపి స్టాండు మీద నిలబెట్టండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వదిలేసి ఉండాలి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో సున్నంగీత పెట్టి లెక్కించండి. అదే రేషియో. ఒక చక్రమే లేపినప్పుడు రెండు చుట్లు ఎందుకంటే, రెండో చక్రం కదలదు కాబట్టి డిఫరెన్షియల్ లోపల షాఫ్ట్ తిప్పే పెద్ద పళ్ల చక్రం, క్రౌన్ వీలు, ఒక్క చుట్టే తిరుగుతుంది.

ఆ తర్వాత రోడ్డు పరీక్ష. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టుకుని చేయండి. వణుకు వచ్చే వేగంలో ఐదో గేరు నుంచి నాలుగుకి మార్చి అదే స్పీడు నిలపండి. ఇంజిన్ చుట్లు పెరిగినా వణుకు అలాగే ఉంటే ఇంజిన్, క్లచ్ నిర్దోషులు. తర్వాత అదే స్పీడులో న్యూట్రల్‌కి తెచ్చి బండిని జారనివ్వండి. ఇంజిన్ మాత్రం ఆపకండి, ఆపితే బ్రేకు బూస్టరు పనిచేయదు, స్టీరింగ్ లాక్ పడొచ్చు. న్యూట్రల్‌లోనూ వణుకు మారకపోతే షాఫ్ట్ బ్యాలెన్స్ పోయిందనో, వంగిందనో అనుకోవాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా ఉంటే షాఫ్ట్ చివర్ల కీళ్లలో ఉండే క్రాసుల అరుగుదల, కోణాలు చూడాలి. ఇంకొకటి, బండి ఆపి న్యూట్రల్‌లో అదే ఆర్‌పీఎంకి రేజ్ చేసి చూడండి. నిలబడి ఉన్నా అదిరితే కొత్తగా వేసిన క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు సరిగా కూర్చోలేదేమో చూపించుకోవాలి.

ఇక షాఫ్ట్ సంగతి. క్లచ్ పనికి గేర్‌బాక్స్ దించాలంటే షాఫ్ట్ విప్పాల్సిందే. విప్పేముందు ఫ్లాంజి (షాఫ్ట్ బోల్టులతో బిగిసే పళ్లెం) మీద, యోక్ (క్రాస్‌ని పట్టి ఉంచే చెవుల ముక్క) మీద పెయింటుతో గీత పెట్టుకోవాలి. తొందరలో ఈ గీత పెట్టేవాళ్లు తక్కువ. ఫ్లాంజి అర చుట్టు తేడాతో బిగిస్తే, కంపెనీలో కుదిరిన బ్యాలెన్స్ పోవచ్చు. మధ్యలో జారే స్ప్లైన్ (పళ్ల జాయింటు) ఒక పన్ను తప్పినా రెండు చివర్ల యోక్‌లు ఒక వరసలో ఉండవు. క్రాస్ కీలు కోణంలో తిరిగేటప్పుడు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. ముందు కీలు చేసిన ఆ ఎగుడుదిగుడుని వెనక కీలు సరిచేయాలి. యోక్‌లు వరస తప్పితే సరిచేయకపోగా కొంత కలుపుతుంది. కాబట్టి మొదటి పని, బండి కింద పడుకుని షాఫ్ట్ రెండు చివర్ల యోక్ చెవులు ఒకే తలంలో ఉన్నాయో లేవో చూడటం. దీనికి ఖర్చేమీ లేదు. అవి సరిగా ఉంటే వెనక ఫ్లాంజి నాలుగు బోల్టులు విప్పి, షాఫ్ట్‌ని 180 డిగ్రీలు తిప్పి బిగించి నడిపి చూడండి. చాలా బళ్లకి ఇక్కడితోనే వణుకు పోతుంది. బోల్టులు పాతవే, లేదా అదే గ్రేడువి వాడండి. హార్డ్‌వేర్ కొట్లో దొరికే మామూలు బోల్టు ఇక్కడ పెడితే తెగుతుంది, షాఫ్ట్ కింద పడుతుంది.

క్రాసులు చూడటానికి యోక్‌కి రెండువైపులా చేతులు వేసి, ఒకదాన్ని ముందుకీ ఇంకోదాన్ని వెనక్కీ మెలిపెట్టండి. షాఫ్ట్ మొత్తంగా కొంచెం ఆడితే కంగారు పడొద్దు, డిఫరెన్షియల్ పళ్ల మధ్య ఖాళీ ఎప్పుడూ కొంత ఉంటుంది. క్రాస్ దగ్గరే కదలిక కనబడిందా అన్నదే చూడండి. కప్పు చుట్టూ ఇటుకపొడిలా ఎర్రటి దుమ్ము ఉంటే లోపల సూది బేరింగులు ఎండి అరుగుతున్నాయని అర్థం. గ్రీజు గన్నుతో నిపుల్‌లో గ్రీజు కొట్టినప్పుడు నాలుగు కప్పుల నుంచీ పాతది బయటికి రావాలి. మూడింటి నుంచి వచ్చి నాలుగోది పొడిగా ఉండిపోతే, ఆ క్రాస్‌ని మార్చడమే. షాఫ్ట్ రెండు ముక్కలదైతే మధ్య బేరింగ్ రబ్బరు చీలిందేమో చూడండి. స్క్రూడ్రైవరుతో మెల్లగా పైకెత్తితే షాఫ్ట్ రబ్బరులో తేలిపోతుంటే అది అయిపోయింది.

ఇంత చేసినా అదురు ఉంటే అదనపు పట్టీని అనుమానించాలి. పట్టీ వేశాక ఖాళీ బండి వెనక భాగం లేస్తుంది, వెనక కీలు కోణం మారుతుంది. దీనికి చవకైన పరీక్ష ఉంది. వెనక 150, 200 కిలోల బస్తాలు వేసి, బండి పాత ఎత్తుకి దిగాక అదే రోడ్డు మీద అదే స్పీడులో నడపండి. అదురు బాగా తగ్గితే దోషం కోణానిదే. కొలవాలంటే బండి చక్రాల మీదే నిలబడి ఉండాలి, చక్రాలు వేలాడుతుంటే కోణాలు అబద్ధం చెబుతాయి. ఫోన్‌లో వాలు చూపించే యాప్ చాలు. గేర్‌బాక్స్ ఫ్లాంజి, షాఫ్ట్ గొట్టం, డిఫరెన్షియల్ ఫ్లాంజి, మూడింటి వాలూ రాసుకోండి. గొట్టం మీద స్టీలు స్కేలు ఆనించి దాని మీద ఫోన్ పెట్టాలి. ముందు కీలు కోణానికీ వెనక కీలు కోణానికీ తేడా ఒక డిగ్రీ లోపు ఉండాలి. ఎక్కువుంటే కట్టకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు ప్లేటు వేసి సరిచేస్తారు. లేదా గెలలు మోయడం మానేసి ఉంటే ఆ పట్టీ తీసేయించండి. మా ఓటు దీనికే. పట్టీ తీశాక యూబోల్టులు సమంగా బిగించి, కొంత దూరం తిరిగాక మళ్లీ బిగింపు చూడాలి.

చివరగా మిగిలేది షాఫ్ట్ బ్యాలెన్స్. ముందు దాని ఒంటి మీది మట్టి, తారు బాగా గీకి, అతికిన బరువు ముక్క ఊడిన వెల్డింగ్ మచ్చ ఉందేమో చూడండి. డయల్ గేజ్ ఉన్న షాపులో మధ్యలో ఎంత ఊగుతోందో కొలిపించండి. అర మిల్లీమీటరు దాటితే వంగిందని అనుమానించాలి. వంగకపోతే, బ్యాలెన్సే దోషమో కాదో తేల్చడానికి పాత పద్ధతి ఒకటుంది. షాఫ్ట్ వెనక చివర స్క్రూ ఉన్న హోస్ క్లిప్పు ఒకటి గట్టిగా బిగించి, స్క్రూ తలని నాలుగు దిక్కులకీ మారుస్తూ ఒక్కోసారి నడిపి చూడటం. ఒక దిక్కులో తగ్గి, ఎదురు దిక్కులో పెరిగితే షాఫ్ట్‌కి మెషిన్ బ్యాలెన్సింగ్ కావాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి పెద్ద పేటల్లో ఆ పని చేయిస్తే సరిపోతుంది. క్లిప్పు పరీక్షకే గానీ శాశ్వతంగా ఉంచేది కాదు. వెనక చక్రాలు గాల్లోకి లేపి గేరులో పరుగెత్తించి చూసే అలవాటు కొందరికుంది, ప్రాణాల మీదికి వస్తుంది. రోడ్డు మీదే చూడండి.

ప్రశ్న: మా 2011 స్విఫ్ట్ పెట్రోలు బండి ఎనిమిది నెలలు షెడ్డులోనే ఉంది. అబ్బాయి అమెరికా నుంచి వచ్చి తీశాడు. 85 నుంచి 95 మధ్య స్టీరింగ్ చేతుల్లో గిలగిలా కొట్టుకుంటోంది. వంద దాటితే తగ్గుతోందట. యాక్సిళ్లు మార్చమంటున్నారు.
– అమలాపురం పాఠకురాలు

జవాబు: యాక్సిళ్లు మార్చొద్దమ్మా. ఒక స్పీడులో వచ్చి, దాటితే తగ్గే స్టీరింగ్ వణుకుకి నూటికి తొంభై సార్లు ముందు చక్రాలే కారణం. నెలల తరబడి ఒకేచోట నిలబెట్టిన బండి టైరు నేలకి ఆనిన చోట చదునవుతుంది. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత నింపి, పాతిక ముప్ఫై కిలోమీటర్లు తిప్పి చూడండి. టైరు వేడెక్కాక తగ్గుతూ పోతే అదే కారణం. తగ్గకపోతే టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. అంత పాత టైరు గాడులు ఎంత లోతున్నా, గోడల మీద సన్నటి పగుళ్లుంటే దాన్ని హైవే ఎక్కించకండి.

టైర్లు బాగుంటే చక్రాలు విప్పి రిమ్ము లోపలి వైపు చూడండి. మన నల్లరేగడి మట్టి వానాకాలంలో అక్కడ పట్టి, ఎండాక సిమెంటులా గట్టిపడుతుంది. మీ బండికి 165/80 ఆర్14 టైర్లుంటే, తొంభైలో చక్రం సెకనుకి 13 చుట్లు తిరుగుతుంది. రిమ్ము అంచున పట్టిన 30 గ్రాముల మట్టి ఆ వేగంలో మూడున్నర కిలోల బలంతో చుట్టూ లాగుతుంది. గీకించి, కడిగించి, ఆరాకే బ్యాలెన్సింగ్‌కి ఇవ్వండి. పంక్చర్ల కోసం టైరులో జెల్ పోయించి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. అది ఉన్నంతసేపు బ్యాలెన్స్ నిలవదు.

బ్యాలెన్సింగ్ మెషిన్ నిజం చెబుతోందో లేదో కూడా పట్టుకోవచ్చు. సున్నా చూపించాక చక్రాన్ని మెషిన్ నుంచి విప్పించి, అర చుట్టు తిప్పి మళ్లీ బిగించమనండి. మళ్లీ సున్నా దగ్గరే చూపిస్తే సరే. 15, 20 గ్రాములు చూపిస్తే చక్రాన్ని మెషిన్‌కి పట్టించే కోను చక్రం నడిమధ్యలో కూర్చోవడం లేదు, ఆ షాపులో మీ డబ్బులు వృథా. అల్లాయ్ చక్రాలు బయట కొన్నవైతే, నడిమి రంధ్రం హబ్ (చక్రం బిగించే బండి వైపు భాగం) కంటే పెద్దదిగా ఉండి, మధ్యలో వేయాల్సిన రింగు లేకపోవచ్చు. అదీ చూడండి. నట్లు ఒకదాని తర్వాత పక్కది కాకుండా ఎదురెదురుగా, రెండు విడతల్లో, టార్క్ రెంచితో బిగించాలి. చిన్న కార్లకి సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఉన్న అంకెనే పాటించండి.

ఇవన్నీ అయ్యాక కూడా వణికితే ముందు చక్రాలు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చండి. వణుకు స్టీరింగ్ నుంచి సీటుకి మారిందంటే దోషం చక్రంతో పాటే ప్రయాణం చేసింది. మారకపోతే అప్పుడు హబ్బు, బేరింగు, సస్పెన్షన్ బుష్‌ల దాకా వెళ్దాం.

ప్రశ్న: 2010 వ్యాగనార్. ఖాళీగా ఒక్కణ్ణే వెళ్తే ఏమీ ఉండదు. ఐదుగురం ఎక్కి ఓవర్‌టేక్ చేయబోయినా, వంతెన ఎక్కుతున్నా బండి అడ్డంగా ఊగుతూ కంపిస్తుంది. కాలు తీస్తే వెంటనే మాయం. బయటి సీవీ జాయింట్లు రెండూ కొత్తవి వేశాం.
– పాలకొల్లు పాఠకుడు

జవాబు: మన డెల్టాలో ఎత్తు ఎక్కడమంటే వంతెనో, ఫ్లైఓవరో. అక్కడే మీ బండి అసలు రోగం చెబుతోంది. సీవీ జాయింట్లంటే ముందు చక్రాలని తిప్పే షాఫ్ట్ చివర్ల కీళ్లు. చక్రం వైపుండే బయటి జాయింటు అరిగితే బండి బాగా తిప్పినప్పుడు టకటకమంటుంది. బరువు లాగేటప్పుడే ఊగి, కాలు తీయగానే ఆగేది లోపలి జాయింటు, గేర్‌బాక్స్ వైపుది. ఇలాంటి ముందు చక్రాల డ్రైవు బళ్లలో అది చాలావరకు ట్రైపాడ్ రకం. మూడు రోలర్లు మూడు గాడుల్లో జారుతుంటాయి. గాడులు అరిగి గుంటలు పడితే రోలర్లు సాఫీగా జారక, చుట్టుకి మూడుసార్లు బండిని పక్కకి నెడతాయి. ఫోన్‌లో కంపనం కొలిచే యాప్‌తో చూస్తే చక్రం చుట్లకి మూడింతలు దగ్గర గీత లేస్తుంది. అయితే, సెకనుకి వందసార్లు కొలిచే ఫోన్ యాభైకి మించిన కంపనాన్ని సరిగా చూపలేదని గుర్తుంచుకోండి.

మార్చేముందు ఇంజిన్ మౌంటింగులు చూడండి. రబ్బరు కుంగి ఇంజిన్ కిందికి దిగితే లోపలి జాయింటు ఎక్కువ కోణంలో పనిచేస్తుంది, గాడులు బాగున్నా ఊగుతుంది. కొత్త జాయింటు వేసి పాత మౌంటింగు ఉంచితే రెండు నెలల్లో మళ్లీ మొదటికే.

పని చేయించేటప్పుడు హబ్ మధ్య నట్టు చక్రం నేల మీదుండగానే వదులు చేయాలి, మళ్లీ పాత నట్టు వాడకూడదు. షాఫ్ట్ లాగితే గేర్‌బాక్స్ ఆయిల్ కారుతుంది, అందుకు డబ్బా సిద్ధం పెట్టుకోమనండి. ఆయిల్ సీలు కొత్తది వేయించి, కారినంత మళ్లీ లెవెల్ రంధ్రం దాకా నింపించాలి. రోలర్లు విప్పితే ఏ గాడిలోది ఆ గాడిలోకే పోవాలి కాబట్టి గుర్తు పెట్టాలి. గ్రీజు మాత్రం జాయింటు కిట్టుతో వచ్చిన ప్యాకెట్టు మొత్తం వాడాలి, చక్రాల బేరింగ్ గ్రీజు పనికిరాదు. బూటు క్లిప్పు బిగించేముందు బూటు అంచు కొంచెం లేపి లోపలి గాలి వదలాలి. లేకపోతే బూటు ముడతపడి త్వరగా చీలుతుంది. బ్రాండు లేని చవక షాఫ్ట్ కంటే, బయటి జాయింటు బాగున్న మీ పాత షాఫ్ట్‌కి లోపలి జాయింటు మంచిది వేయించుకోవడం మేలు.

ప్రశ్న: హ్యుందాయ్ శాంత్రో. తొంభైలో ఏమీ ఉండదు, బ్రేకు తొక్కితేనే స్టీరింగ్ ఊగుతుంది.
– కాకినాడ పాఠకుడు

జవాబు: షాఫ్టులకీ దీనికీ సంబంధం లేదు. ముందు డిస్కులు సమమందంగా లేవు. మైక్రోమీటరుతో చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలిపించండి. కనీస మందం డిస్కు మీదే అచ్చు వేసి ఉంటుంది, అంతకు తగ్గితే మార్చాలి. కొత్త డిస్కు వేసేముందు హబ్ మీది తుప్పు వైరు బ్రష్‌తో పూర్తిగా తీయకపోతే మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. హైవే నుంచి దిగీదిగగానే, వేడి మీదున్న చక్రాల మీద వాటర్ సర్వీసు చేయించకండి.

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. వరదలో కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్లలో ఓమ్నీ దాటించాం. నెల తర్వాత అరవై దాటితే వెనకనుంచి గుయ్‌మని శబ్దం, చిన్న వణుకు.
– ఓ ఆక్వా రైతు

జవాబు: ఓమ్నీకి వెనక డిఫరెన్షియల్ ఉంది, దానికి గాలి పోవడానికి చిన్న బ్రీదర్ ఉంది. పరుగెత్తి వేడెక్కిన యాక్సిల్ చన్నీళ్లలో మునగ్గానే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ ద్వారా, సీళ్ల పక్కనుంచీ నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. ఆ నీళ్లు నూనెలో కలిసి నెల రోజుల్లో బేరింగులకి తుప్పు పట్టిస్తాయి.

ముందు నింపే బోల్టు వదులవుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కింది బోల్టు విప్పండి. నూనె దించేశాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. దిగిన నూనె పాల టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. బోల్టు అయస్కాంతానికి మెత్తటి బూడిద పేస్టు ఉంటే మామూలు, రేకుల్లాంటి ముక్కలుంటే బేరింగులు విప్పి చూడాలి. రంగు మాత్రమే మారి ఉంటే జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 గేరు ఆయిల్ నింపే రంధ్రం అంచు దాకా పోసి, వారం నడిపి, మళ్లీ దించి కొత్తది పోయండి. మొదటిసారి పోసింది కడగడానికే. బ్రీదర్ మట్టితో మూసుకుపోయిందేమో తీసి ఊది చూడండి.

ఇదంతా చేశాక కూడా శబ్దం ఉంటే ఖాళీ రోడ్డు మీద బండిని మెల్లగా ఎడమకీ కుడికీ ఊపి వినండి. ఎడమకి తిప్పినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది, అప్పుడు శబ్దం పెరిగితే కుడి చక్రం బేరింగు పోయింది. ఎటు ఊపినా మారకుండా, యాక్సిలరేటర్ నొక్కితే ఒకలా, వదిలితే ఒకలా మోగితే డిఫరెన్షియల్‌లో షాఫ్ట్ వైపుండే చిన్న గేరు, పినియన్ వైపు చూడాలి. అదే రోజు షాఫ్ట్ రెండు చివర్ల క్రాసుల్లోనూ, నిపుల్ ఉంటే, కొత్త గ్రీజు కొట్టించండి. వరద నీళ్లు వాటినీ వదిలిపెట్టి ఉండవు.